కాలవ అవతల అంటే ఏ పక్క

బెంగుళూరు,
శుక్రవారం.

నాన్నకీ అమ్మకీ నాగమణి నమస్కరించి రాస్తున్నది.

ఈ నెల ఇరవై నాలుగో తారీకున మా ఆఫీసులో ఒక మీటింగ్ ఉంది. నన్ను ఉద్యోగంలో ఉంచాలో పంపెయ్యాలో ఆ రోజు తేలుస్తారు. ఆ మీటింగ్‌లో నేను ఒక నిజం చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుందనే అనుకుంటున్నాను. చెప్పే ముందు మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. ఆ మాట ఫోన్లో అడగలేను. అందుకే ఇవాళే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోన్లో ఎందుకు అడగలేనో మీకు తెలుసు. అన్నయ్య ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతాడు. నాయనమ్మ, పక్కింటి కోటమ్మ పెద్దమ్మ, పాలకి వచ్చినవాళ్ళు అందరూ చుట్టూ చేరతారు. "ఏందమ్మాయ్, రోజంతా ఏసీలో కూర్చుంటే సలెయ్యటంలా?" అని ఒకరు. "మావోడిక్కూడా అక్కడ ఏదన్నా సూడవే" అని ఒకరు. నేను "అంతా బాగుంది పెద్దమ్మా" అంటాను. ఇంకేం అనగలను? కొన్ని వారాలుగా నేను అలా చెప్పిన "బాగుంది" ఏదీ నిజం కాదు.

అమ్మా, నువ్వు గాభరా పడొద్దు. నా ఒంటికి ఏం కాలేదు. నన్ను ఎవరూ ఏమీ చెయ్యలేదు. నువ్వు భయపడే రకం సంగతి ఇందులో ఏదీ లేదు, అది ముందే గట్టిగా చెబుతున్నాను.

వదినా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి నీకొక మాట. అందరూ అన్నాలు తిన్నాక, వాకిట్లో బయటివాళ్ళు లేనప్పుడు చదువు. అర్థం కానిచోట నెమ్మదిగా రెండోసారి చదువు. నాన్న మధ్యలో "ఇంక సాల్లే, బర్రెకి మేత ఎయ్యాల" అని లేవబోతాడు. కూర్చోబెట్టు. అడగాల్సింది చివర్లోనే ఉంది.

మీరంతా ఎలా ఉన్నారు? నాయనమ్మ మోకాళ్ళు ఈ చలికాలం ఎట్లా ఉంటాయో అని భయంగా ఉంది. కాలవకి నీళ్ళు వదిలారా? మిరప నారు బాగా లేచిందా, మళ్ళీ కుళ్ళు పట్టిందా? అన్నయ్య ఆటో టైర్లు మార్చాడా? కారంపూడి రోడ్డు ఇప్పటికైనా వేశారా, లేక ఇంకా కంకర మీదే నడుపుతున్నాడా? ఇవన్నీ ఫోన్లో అడుగుతూనే ఉంటాను. మీరూ నాలాగే "బాగుంది" అంటారు. మీది నిజమో కాదో నాకు తెలియదు.

ఇక్కడ రోజూ వాన. మన దగ్గర వాన అంటే ఒకసారి దంచి కొట్టి వెళ్ళిపోతుంది, తర్వాత ఎండే. ఇక్కడ అలా కాదు. పొద్దున నుంచి సన్నగా పడుతూనే ఉంటుంది, బట్టలు ఆరవు, తడి బట్టలే వేసుకుని ఆఫీసుకి పోతున్నాను. హాస్టల్‌లో సాంబారులో బెల్లం వేస్తారు. మొదట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ వాసనకే ఆకలి చచ్చిపోతోంది. అమ్మా, వీలైతే పండుమిరప పచ్చడి కొంచెం ఎవరితోనైనా పంపు. వీలు కాకపోయినా పర్లేదు, తింటున్నాను.

గదిలో నాతో షబానా అని మిర్యాలగూడ పిల్ల ఉంటుంది. మన కృష్ణా నదికి అటుపక్కే కదా, మాటలు దగ్గరగానే ఉంటాయి. మందుల కంపెనీలో పని చేస్తుంది. ఈ ఊళ్ళో నేను నోరు విప్పి మాట్లాడేది ఆ పిల్ల ఒక్కదానితోనే. మొన్న నా కంచం చూసి, "ఏందే మణీ, అన్నంతోని ఆడుకుంటున్నవా? తినవా? మీ పల్నాడోళ్ళు మస్తు గట్టోళ్ళంటరు, ఇట్లనేనా?" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. అప్పుడు ఆ పిల్లకి సంగతంతా చెప్పాను. అంతా విని, "మీ ఇంట్లకి రాయి. నాకు చెప్తే ఏమొస్తది?" అంది. ఆ పిల్ల అలా అన్నాకే ఈ కాగితాలు తీశాను.

ఇప్పుడు నా పని సంగతి. నాన్నా, నువ్వెప్పుడూ "కంప్యూటర్ పనంట" అని ఊరుకుంటావు. ఈ ఒక్కసారి పూర్తిగా విను.

మా కంపెనీ రక్తపరీక్షల ల్యాబులకి ప్రోగ్రాం తయారుచేస్తుంది. పోయిన ఎండాకాలం మాచర్లలో అమ్మకి రక్తం తీసి సాయంత్రానికి ఒక కాగితం ఇచ్చారు కదా. అమ్మకి ఎంత వచ్చిందో ఒక లెక్క, పక్కన ఎంత ఉండాలో ఒక లెక్క. అలాంటి కాగితం ప్రింటు చేసే ప్రోగ్రామే ఇది. చానామంది కలిసి రాస్తారు. ఒకరు ఒకచోట చిన్న మార్పు చేస్తే ఇంకోచోట ఏదో చెడిపోవచ్చు. అందుకని ఎవరు ఏది మార్చినా, వేరే ఒక కంప్యూటర్ తనంతట తనే ప్రోగ్రామంతా కొత్తగా కట్టి, దానికి పరీక్షలు పెడుతుంది. దీన్ని బిల్డ్ అంటారు. అన్నీ సరిగా ఉంటే పచ్చ టిక్కు పడుతుంది. ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. ఆ పరీక్షలు రాయడం నా పని.

నా పరీక్ష చేసేది ఇంతే. కొత్త ప్రోగ్రాం తయారుచేసిన రిపోర్టు తెరిచి, అది ఎలా ఉండాలో అలా ఉందా అని చూస్తుంది. చూడాలంటే రిపోర్టు ఎక్కడుందో దానికి దారి చెప్పాలి. దారి రెండు రకాలుగా చెప్పొచ్చు. మొదటి నుంచి చివరి వరకు పూర్తి అడ్రసు ఇవ్వొచ్చు. కానీ ఆ అడ్రసు ఒక్కొక్కరి కంప్యూటర్లో ఒక్కోలా ఉంటుంది. అందుకని, "నువ్వున్న ఫోల్డర్ నుంచి ఒకటి పైకి వెళ్ళు, అక్కడ రిపోర్టులు అనే ఫోల్డర్లో చూడు" అని చెబుతాం. దీన్ని రిలేటివ్ పాత్ అంటారు. నేనూ అలాగే రాశాను. అలా రాయడం తప్పు కాదు. చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు ఒకేచోట నిలబడి ఉన్నంతవరకు తప్పు కాదు.

నాన్నా, తిరపతయ్య మావ ట్రాక్టర్ సంగతి గుర్తుందా? మన చేను దున్నమని ఆయనకి కబురు పెట్టావు. "కాలవ అవతల, తుమ్మచెట్టున్న చేను" అన్నావు. మనం ఊళ్ళో నిలబడి అవతల అంటాం. తిరపతయ్య మావ ఆ రోజు ట్రాక్టర్ వేసుకుని గురజాల వైపు నుంచి వస్తున్నాడు. ఆయనకి అవతల అంటే ఊరి పక్క. ఆ పక్కా ఒక తుమ్మచెట్టుంది. నేను నీకు అన్నం క్యారేజీ తెచ్చేసరికి సుబ్బారాయుడు బాబాయి చేను శుభ్రంగా దున్నేసి ఉంది. బాబాయి గట్టు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు.

"నా చేను దున్నమంటే వీడి చేను దున్నావేంది బావా!" అని నువ్వు అరిచావు.

"నువ్వే గదా బావా కాలవ అవతల అన్నావు, నేను అవతల్నే దున్నా. సాలు ఏడన్నా వంకర పోయిందేమో సూసి సెప్పు!" అన్నాడు మావ.

నువ్వు బాబాయి మీదికి తిరిగావు. "ఏరా, చూస్తా కూర్చున్నావు, నోరు పడిపోయిందా?"

బాబాయి చుట్ట తీసి, "పని చేసేవోణ్ణి మద్దెలో ఆపగూడదు గదా అన్నాయ్. ఆ మూల కాస్త మిగిలింది, అది గూడా లాగించి పొమ్మను" అన్నాడు. నీ కోపమంతా పోయి అక్కడే కూలబడి నవ్వావు.

తిరపతయ్య మావ పనిలో ఏ లోపమూ లేదు. సాళ్ళు తీర్చినట్టు ఉన్నాయి. చేనే మనది కాదు. నా పరీక్షలకి జరిగింది అదే నాన్నా. నవ్వుకునే సంగతి మాత్రం కాదు.

పరీక్షలు రాసినప్పుడు నేను నా ల్యాప్‌టాప్‌లో వాటిని నడిపి చూసుకున్నాను. అక్కడ పరీక్షలున్న ఫోల్డర్ నుంచే నడిపేదాన్ని. ఒకటి పైకి వెళితే సరిగ్గా కొత్త రిపోర్టులే దొరికేవి. తర్వాత రోజూ నడపడం బిల్డ్ కంప్యూటర్ పని. అది పరీక్షల ఫోల్డర్ నుంచి మొదలుపెట్టదు. ప్రోగ్రామంతా ఉన్న పెద్ద ఫోల్డర్ నుంచి మొదలుపెడుతుంది. అక్కడి నుంచి ఒకటి పైకి వెళితే ప్రోగ్రాం బయటికే వచ్చేస్తుంది. ఆ బయట ఏమీ లేకపోయి ఉంటే ఫైలు దొరకలేదని ఎర్ర గుర్తు పడి మొదటి రోజే తెలిసిపోయేది. కానీ అక్కడ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. ఎవరో ఎప్పుడో పాత ప్రోగ్రాం నడిపి వదిలేసిన రిపోర్టులు. నా పరీక్షలు రోజూ వెళ్ళి ఆ పాతవాటినే చదివి వచ్చాయి. అవి మంచివే. కాబట్టి రోజూ పచ్చ టిక్కు. కొత్త ప్రోగ్రాం ఇచ్చే రిపోర్టుని ఇన్నాళ్ళూ ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించామని అందరం అనుకున్నాం.

ఈమధ్య ఇంకో పరీక్ష కలుపుదామని మళ్ళీ నా ల్యాప్‌టాప్‌లో నడిపితే ఎర్రగా వచ్చింది. అక్కడ పచ్చ, ఇక్కడ ఎర్ర. నా ల్యాప్‌టాప్‌లోనే ఏదో పాడయిందనుకున్నాను. అందరూ నమ్మే కంప్యూటర్ తప్పు చెబుతుందని ఎందుకనుకుంటాను? చివరికి, బిల్డ్ కంప్యూటర్లో పరీక్ష మొదలయ్యేటప్పుడు అది ఏ ఫోల్డర్లో నిలబడి ఉందో దానిచేతే రాయించి చూశాను. అది పరీక్షల ఫోల్డర్లో లేదు, పెద్ద ఫోల్డర్లో ఉంది.

ముందు నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీలోనే దారి సరిచేశాను. ఇప్పుడు పరీక్ష తన ఫైలు ఎక్కడుందో అక్కడి నుంచి దారి లెక్కపెట్టుకుంటుంది, ఎవరు ఎక్కడి నుంచి నడిపినా ఒకే చోటికి వెళుతుంది. ఊళ్ళోంచి చూస్తే అవతల, అని మావకి విడమరిచి చెప్పినట్టు. సరిచేసిన పరీక్షని నడిపితే ఎర్ర గుర్తులు పడ్డాయి. పిల్లల రిపోర్టులన్నింటిలోనూ తప్పు ఉంది. పిల్లలకి రక్తం ఎంత ఉండాలి అన్నచోట పెద్దవాళ్ళ లెక్క పడుతోంది. బాగున్న పిల్లకి జబ్బు ఉన్నట్టూ, జబ్బున్న పిల్లకి ఏమీ లేనట్టూ కాగితం వస్తుంది. ఈ కొత్త ప్రోగ్రాం వచ్చే నెల మొదట్లో ల్యాబులకి వెళుతుంది. పెద్ద ఆసుపత్రులకి కాదు, మాచర్ల, రాజుపాలెం లాంటి చోట్ల ఒక గదిలో నడిచే ల్యాబులకి. అక్కడ కాగితం చూసి ఇంకోసారి అడిగేవాళ్ళు ఎవరుంటారు? అమ్మ కాగితాన్ని మనం ఎవరినైనా అడిగామా?

వెంటనే మా లీడ్, అంటే నా పని చూసే పెద్ద, ప్రవీణ్ గారికి చూపించాను. ఆయన మన తెలుగాయనే, నెల్లూరు వైపు. చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. అంతా చూసి, లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నారు.

"లేదు సార్."

"మంచిపని చేశావు. ఇది ఇప్పుడు బయటికి తీస్తే డెలివరీ ఆగిపోతుంది. డెలివరీ అయ్యాక నెమ్మదిగా సరిచేసి పంపుదాం."

"ఈలోపు పిల్లల రిపోర్టులు సార్?"

"అన్నీ చూసేది డాక్టర్లు కదమ్మా."

"మా ఊళ్ళ వైపు డాక్టర్లు చూసేది కూడా ఆ కాగితమే సార్."

ఆయన నా వైపు చూడలేదు. "మణీ, నీ మంచికి చెబుతున్నా విను. పరీక్షలు రాసింది నువ్వు. ఇన్నాళ్ళ పచ్చ టిక్కులన్నీ తప్పు అని నువ్వే వెళ్ళి చెబితే ముందు ఎవర్ని అడుగుతారు? నిన్ను ఇంకా పర్మనెంట్ కూడా చెయ్యలేదు. వాటిని చూసి సరే అన్నది నేను. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. మీటింగ్‌లో అడిగినవాటికి జవాబు చెప్పి వచ్చెయ్. ఇది ఎత్తొద్దు" అన్నారు.

ఇద్దరు పిల్లలున్నారు అని ఆయనే అన్నారు నాన్నా. "సరే సార్" అని బయటికి వచ్చేశాను. సరే అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాను. ఈసారి కోప్పడ్డారు. ఆయన పైన ఉన్న ఆమెని కలవాలంటే ఆ మీటింగ్‌లో తప్ప నాలాంటిదానికి కుదరదు. ఆమె అడుగుతుంది, "నీ పనిలో నువ్వు చూసిన తప్పు ఏదైనా ఉందా?" అని. అందరినీ అదే అడుగుతుందట. అప్పుడు చెప్పాలి, లేకపోతే ఎప్పటికీ చెప్పలేను.

చెప్పాలనే ఉంది. నేను గొప్పదాన్నని కాదు. ఎవరో ఒక పిల్లని చంకన వేసుకుని ఒక తల్లి బస్సెక్కి మాచర్ల వచ్చి, ఆ కాగితం పట్టుకుని "ఏం లేదంట" అని సంతోషంగా తిరిగి వెళ్ళడం నాకు కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. ఆఫీసులో, బస్సులో, అన్నం తింటున్నప్పుడు అదే. కానీ ధైర్యం చాలడం లేదు. పళ్ళు బిగపట్టి చెప్పాలనుకుంటాను, ఆ వెంటనే, చెప్పాక నేను ఎక్కడికి పోవాలి అని ఆగిపోతాను. ఉద్యోగం లేకపోతే ఈ హాస్టల్‌లో ఉండలేను. ఈ ఊళ్ళో నాకు తెలిసిన గడప ఇంకొకటి లేదు.

ఇంటికి రావొచ్చు కదా అంటారు. అదే నాకు తెలియడం లేదు, రావొచ్చా అని.

నాన్నా, కారంపూడి బస్టాండులో నన్ను బస్సెక్కించేటప్పుడు నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంక ఈ దుమ్ములోకి ఎనక్కి రామాక తల్లీ" అన్నావు. ప్రేమతోనే అన్నావు. నాకు తెలుసు. నీ కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. బస్సు ఎక్కినవాళ్ళందరికీ "మా అమ్మాయి, ఇంజనీరు" అని చెప్పావు. మన ఇంట్లో బడి దాటి కాలేజీకి పోయింది నేను ఒక్కదాన్నే అని, మీరంతా కలిసి నన్ను మోశారని ఊరంతటికీ తెలుసు. కానీ ఆ మాట అప్పటి నుంచి నాతోనే తిరుగుతోంది. వెనక్కి రావొద్దన్నాడు నాన్న. వస్తే ఏ ముఖంతో రావాలి? ఉద్యోగం పోయి తిరిగొచ్చిన పిల్లకి మన వీధిలో అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే, వెంటనే పెళ్ళి చేసెయ్యడం. కోటమ్మ పెద్దమ్మ ఆ సాయంత్రమే సంబంధం పట్టుకొస్తుంది.

అందుకని నేను అడిగేది ఇది. జాగ్రత్తగా వినండి.

ఉద్యోగం పోతే నేను ఇంటికి రావొచ్చా? వచ్చి, వచ్చే ఎండాకాలం దాకా, పెళ్ళి మాట లేకుండా, ఉండి చదువుకుని మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవచ్చా? ఊరికే కూర్చోను. మిరప కోతలకి వస్తాను, బర్రెల్ని చూస్తాను, అమ్మ ఏ పని చెబితే అది చేస్తాను. ఎవరైనా "ఏందయ్యా, అమ్మాయి వచ్చేసిందంటగా" అంటే మీరు తల దించుకోకుండా ఉండగలరా? ఉండలేమంటే అది కూడా చెప్పండి. నేను కోపగించుకోను. మీ మీద నాకు కోపం రాదు.

నాకు కావలసింది సలహా కాదు. చెప్పమనీ, చెప్పొద్దనీ మీరు అనక్కర్లేదు. ఆ బరువు మీ మీద పెట్టను. వెనక ఒక గడప ఉందని తెలిస్తే ఇరవై నాలుగున నేను నోరు తెరవగలను. లేదని తెలిస్తే ప్రవీణ్ గారు చెప్పినట్టు అడిగినవాటికి జవాబు చెప్పి వచ్చేస్తానేమో. ఏ జవాబూ రాకపోతే లేదనే అనుకుంటాను. ఇలా రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది, కానీ ఇదే నిజం.

బతిమాలుతున్నాను నాన్నా. అమ్మా, నువ్వైనా ఒక మాట అను. ఆయన మాట్లాడితేనే మాట్లాడాలని చూడొద్దు.

నాయనమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పండి. అన్నయ్యని అడిగానని చెప్పండి, ఆటో మెల్లగా నడపమనండి. తిరపతయ్య మావకీ, సుబ్బారాయుడు బాబాయికీ నమస్కారాలు. వాళ్ళకి ఇందులో సంగతేదీ తెలియనివ్వొద్దు. కోటమ్మ పెద్దమ్మ అడిగితే అమ్మాయి పచ్చడి అడిగిందని చెప్పండి, చాలు. నా ఆరోగ్యం బాగుంది, మళ్ళీ చెబుతున్నాను. మీ ఇద్దరి చెయ్యీ నా తల మీద ఉండాలని కోరుకుంటూ,

మీ కూతురు
నాగమణి

వదినా, ఇది నీకు మాత్రమే, పైకి చదవొద్దు. ఫోన్ చెయ్యొద్దు. నాన్న ఏమన్నాడో ఆయన అన్న మాటల్లోనే రెండు ముక్కలు కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి. హాస్టల్ అడ్రసు కవరు వెనక రాశాను. బాగుండేలా సర్ది రాయొద్దు. ఆయన ఏమీ అనకుండా లేచి బర్రెల దగ్గరికి వెళ్ళిపోతే, అలా వెళ్ళిపోయాడని రాయి. ఏదైనా సరే, ఇరవై రెండో తారీకు లోపు నాకు అందాలి.